ఐలమ్మ కొలత

ఆదివారం సాయంత్రం షామీర్‌పేట చెరువు గట్టు మీద నిలబడితే కొంపల్లి నుంచి వచ్చిన కార్లు వరసగా కనిపిస్తాయి. పిల్లలు మొక్కజొన్న కంకులు కొరుకుతుంటారు, పెద్దలు ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటుంటారు. నీళ్ల మీద చాలా దూరంలో తెల్లటిది ఏదో నెమ్మదిగా కదులుతూ ఉంటుంది. అది బాతని ఒకరంటారు, కాదు ప్లాస్టిక్ డబ్బా అని ఇంకొకరంటారు. నిజానికి అది ఐలమ్మ. యాభైకి దగ్గరపడిన మనిషి, చీర గోచి పోసి, యూరియా సంచుల్లో కుట్టిన థర్మోకోల్ తెప్ప మీద బోర్లా పడుకుని, చేతులకు పాత రబ్బరు చెప్పులు తొడుక్కుని నీళ్లను వెనక్కి తోస్తూ వల దగ్గరికి పోతూ ఉంటుంది. ఈ చెరువు మీద తెప్పెక్కిన మొదటి ఆడమనిషి ఆమే. ఆ మాట ఎవరైనా ఎత్తితే మాత్రం సిగ్గుపడి, "ఎక్కుడు పెద్ద ముచ్చటనా, పడుడు జూస్తే తెలుస్తుండె మీకు" అంటుంది.

ఆ పడడం సంగతి చెప్పాలంటే తొంభై ఆరో సంవత్సరం ఎండాకాలానికి పోవాలి.

అప్పటికి ఐలమ్మకు ముప్పై ఆరేళ్లు. మొగుడు మైసయ్య వల తెస్తే ఆమె బుట్ట నెత్తిన పెట్టుకుని అల్వాల్ దాకా పోయి అమ్మేది. చెరువు మీద చేపలు పట్టే కుటుంబాలన్నిటిలోనూ అదే పద్ధతి, నీళ్లు మగవాళ్లవి, బుట్టలు ఆడవాళ్లవి. ఐలమ్మకు ఈత వచ్చు, వల అల్లడం వచ్చు, ఏ చేప ఏ పూట ఎక్కడ తిరుగుతుందో నోటికొచ్చు. గట్టు మీదికి వచ్చిన తర్వాతే గాని చేప మొహం చూసి ఎరగదు, అంతే.

అంతకు ముందు చలికాలంలో మైసయ్య సైకిల్ మీద పోతుంటే తూంకుంట మలుపు దగ్గర లారీ తగిలింది. ప్రాణం దక్కింది. విరిగిన భుజం మూడు నెలల కట్టు తర్వాత అతుక్కుంది గానీ కుడి చెయ్యి ఛాతీ కంటే పైకి లేవడం మానేసింది. వల విసరడానికి, లాగడానికి ఆ చెయ్యే కావాలి. మైసయ్య ఇంటి ముందు నులక మంచం వేసుకుని కూర్చునేవాడు. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు.

చెరువు నీళ్లకు ఆ రోజుల్లో హద్దులుండేవి. కంటికి కనబడేవి కావు, మనుషుల మనసుల్లో ఉండేవి. తూము దగ్గరి నీళ్లు ఒకరివి, తుంగ మొలిచిన వైపు మరొకరివి. నడిమధ్య నీళ్లలోంచి నల్లటి బండ ఒకటి పైకి లేచి ఉంటుంది. దాన్ని గుండు అంటారు. గుండు చుట్టూ ఉన్న తావు మైసయ్య ఇంటిది, వాళ్ల తాత కాలం నుంచి. ఈ తావులకు కాగితాలేం లేవు, ఒక కట్టుబాటు మాత్రం ఉంది. మృగశిర కార్తె నాడు, అంటే జనం నోట మిరుగం నాడు, ఊరూ పట్నమూ చేపలు తినే ఆ రోజున, ప్రతి ఇంటి తెప్పా తన తావులో వల వెయ్యాలి. వెయ్యని ఇంటి తావు వరసలో కాచుకుని ఉన్న ఇంకో ఇంటికి పోతుంది. ఒకసారి పోయిన తావు తిరిగి వచ్చింది ఎవరికీ గుర్తులేదు.

మిరుగం ఇంకా నెల రోజులుందనగా ఒక పొద్దున, పొయ్యి ఊదుతూ ఊదుతూ ఐలమ్మ అంది: "నేను పోత."

"యాడికి?" అన్నాడు మైసయ్య.

"సెరువుల్లకు. మిరుగం నాడు గుండు కాడ నేనే వల ఏస్త."

మైసయ్య కట్టు విప్పిన తర్వాత మొదటిసారి నవ్వాడు. "ఆడోళ్లు తెప్పెక్కుతరానే?"

"ఎక్కొద్దని ఎవలన్న అన్నరా?"

మైసయ్య ఆలోచించాడు. ఎవరూ అనలేదు. ఎవరూ ఎక్కలేదు కాబట్టి అనవలసిన అవసరం రాలేదు.

ఇద్దరూ కలిసి ముత్తయ్య దగ్గరికి పోయారు. ముత్తయ్య మైసయ్యకు పెదనాయిన, చేపలు పట్టే ఇళ్లన్నిటికీ పెద్ద. తావుల తగాదా ఏదొచ్చినా ఆయన మాటే ఆఖరు. తంబాకు నలుపుతూ అంతా విన్నాడు. ఐలమ్మను కిందినుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"సూడు బిడ్డా, ఆడిదని నేను వద్దన. మొగోనికి ఏం కట్టుబాటో నీకూ గదే. మిరుగం నాడు ఒక్కదానివే పోవాలె, వల ఏసి, వల దీసి, ఒక్కదానివే ఒడ్డుకు రావాలె. ఎవ్వలు చెయ్యందియ్యరు. వస్తే తావు మీది. రాకపోతే ఇగ నన్నడగొద్దు."

"సరే మామా," అంది ఐలమ్మ.

ఇంట్లో మైసయ్య తెప్ప ఉండనే ఉంది. తేలిక కట్టెతో చేసింది, సన్నగా, పొడుగ్గా, ముందు కొస మొనదేలి, నూనె పట్టించిన ఒళ్లుతో మెరుస్తూ ఉండేది. దాని మీద మైసయ్య నీళ్లు చీల్చుకుంటూ పోతుంటే పెళ్లైన కొత్తలో ఐలమ్మ బట్టలుతకడం ఆపి మరీ చూసేది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కళ్లు ఎప్పుడూ అందమైనదాని మీదే పడతాయి. ఐలమ్మకు ఇంకో తెప్ప ఆలోచనే రాలేదు. చీర గోచి పోసి, గంగమ్మకు దండం పెట్టి, మోకాటి లోతు నీళ్లలో దాని మీద కాలు వేసింది. తెప్ప ఒక పక్కకు, ఐలమ్మ ఇంకో పక్కకు పోయారు.

రోజుకు ఇరవై సార్లు పడింది. ఎక్కితే పడుతుంది, పడుకుంటే దొర్లుతుంది, కూర్చుంటే తెప్ప ఆమె కిందినుంచి జారి ముందుకు పోయి నిలబడుతుంది. పక్కింటి సాలమ్మ గట్టు మీద కూర్చుని ఆకు నములుతూ, "ఐలమ్మా, సెరువుల ఉప్పు సరిపోయిందా?" అని అడిగేది. ఐదో రోజు ఐలమ్మ గడ్డం తెప్పకు కొట్టుకుని చిట్లింది. ఆ రోజు ముత్తయ్య నీళ్ల దగ్గరికి వచ్చాడు.

"గది ఇరవై ఏండ్లు నీళ్ల మీద బతికినోని తెప్ప బిడ్డా. నువ్వు నిన్న మొన్న మొదలువెట్టినవ్. మొదలువెట్టెటోళ్లకు అందం గాదు గావాల్సింది. వెడల్పుండాలె, మందముండాలె. జల్ది పోకున్నా మంచిదే, తిరగబడొద్దు. మేడ్చల్ల థర్మోకోల్ దొరుకుతది, పోయి తెచ్చుకో."

మైసయ్యకు ఆ మాట నచ్చలేదు. థర్మోకోల్ మీద పోయేవాళ్లను ఆ చెరువులో తెప్పగాళ్లుగా లెక్కలోకి తీసుకునేవాళ్లు కాదు. కాసేపు మంచం మీద అటూ ఇటూ కదిలాడు. తర్వాత లేచి, నైలాన్ తాడు ఒకటి తీసి, తన తెప్ప పక్కన కూర్చుని కొలవడం మొదలుపెట్టాడు. పొడుగుకు ఒక ముడి, వెడల్పుకు ఒక ముడి. ఆ తెప్ప అతని పదహారో ఏట అతని ఒంటి కొలతకు చేసింది. మడమ నుంచి పైకెత్తిన చేతి వేళ్ల దాకా పొడుగు, భుజాల బారుకు వెడల్పు. వాళ్ల నాయిన తెప్పా ఇంచుమించు అంతే ఉండేదట, ఆ ఇంటి మగవాళ్లంతా ఒక్క ఒడ్డూ పొడుగూ మనుషులు. థర్మోకోల్‌ది కాబట్టి రెండు పక్కలా ఇంకో జానెడు కలిపాడు. కుడి చెయ్యి సహకరించక, తాడు కొసను పళ్లతో పట్టుకుని ఎడమ చేత్తో ముడులేశాడు.

"గీ కొలతకే కోయించు. మా ఇంటి తెప్ప మా ఇంటి కొలతకే ఉండాలె," అన్నాడు.

నాలుగు నెలల తర్వాత ఆ మనిషి ఒక పనికి చెయ్యి పెట్టాడు. ఐలమ్మకు కళ్లు చెమర్చాయి. ఆ తాడు కొంగున ముడేసుకుని మేడ్చల్ బస్సెక్కింది.

మేడ్చల్‌లో బస్ డిపో దాటి నిజామాబాద్ రోడ్డు వెంట కొంచెం పోతే యాదయ్య పాత సామాన్ల దుకాణం వచ్చేది. ఫ్యాక్టరీలలో మిషన్లకు చుట్టి వచ్చిన థర్మోకోల్ అంతా అక్కడ గుట్టలుగా పడేసి ఉండేది. గోడకు లారీ ట్యూబులు వేలాడేవి. గుండ్రంగా, నల్లగా, నిగనిగలాడుతున్న ఒక ట్యూబు మీద ఐలమ్మ కన్ను పడింది. దాని మధ్యలో కూర్చుంటే పడే మాటే లేదనిపించింది.

యాదయ్య నవ్వాడు. "అక్కా, ట్యూబు నీ మాట ఇనదు, గాలి మాట ఇంటది. నువ్వు గుండు దిక్కు పోదామంటే అది కీసర దిక్కు పోతది. థర్మోకోల్ సూడు."

బొటనవేలితో నొక్కితే పూసలు రాలేది పాతదనీ, నొక్కినా మళ్లీ పైకి లేచేది గట్టిదనీ చూపించాడు. ఐలమ్మ బెండకాయలు ఏరినట్టు ఒక్కొక్క పలకనూ నొక్కి, తట్టి, ఎత్తి చూసి, జానెడు మందం ఉన్నది ఒకటి ఎంచుకుంది. యాదయ్య తాడు కొలతకు రంపపు బ్లేడుతో కోసిచ్చాడు.

బస్సు దగ్గర కండక్టర్ ఆపాడు. "గిదేందమ్మా?"

"తెప్ప."

"నా పదేండ్ల సర్వీసుల తెప్పను ఎక్కించుకోలే. పైకెయ్యి, పైకెయ్యి."

అది గాలికి ఎగిరిపోతుందేమోనని ఐలమ్మ షామీర్‌పేట దాకా తల కిటికీ బయటే పెట్టి కూర్చుంది.

యూరియా సంచులు రెండు విప్పి, పలకకు తొడిగి, దబ్బనంతో చుట్టూ కుట్టి, నైలాన్ తాడుతో బిగించి, మర్నాడు పొద్దున నీళ్లలో వేశారు. మైసయ్య కూడా వచ్చాడు. ఐలమ్మ దాని మీద బోర్లా పడుకుంది. తెప్ప తిరగబడలేదు. సాలమ్మ గట్టు మీద చప్పట్లు కొట్టింది.

కానీ తెప్ప కదల్లేదు కూడా. ఐలమ్మ చేతులు రెండు పక్కలా చాపితే వేలి కొసలు మాత్రమే నీళ్లకు తగిలాయి. తోద్దామంటే పట్టు దొరకదు. ఒక చేత్తో తోయాలని పక్కకు జరిగితే తెప్ప ఆ పక్కకు ఒరుగుతుంది.

"చేతులు సాపు! ఇంకా సాపు!" అని మైసయ్య అరుస్తున్నాడు.

"ఉన్నయే గివ్వి!" అని ఐలమ్మ అరిచింది.

చిన్న గాలికే తెప్ప పక్కకు కొట్టుకుపోయి తుంగలో ఇరుక్కుంది. నాలుగు రోజులు అదే కథ. పక్క తావుల మగవాళ్లు పనులు ఆపుకుని చూసి పోయేవాళ్లు. మిరుగం ఇంక పదమూడు రోజులుందనగా ముత్తయ్య మళ్లీ వచ్చాడు. తెప్పను చూశాడు, ఐలమ్మను చూశాడు.

"ఎవల కొలత గిది?"

"మా ఇంటాయనది మామా."

"నీళ్ల మీదికి పోయేది ఎవలు?"

ఆ ప్రశ్న ఐలమ్మకు అప్పటిదాకా తట్టనే లేదు. తనకు ఒక కొలత ఉంటుందనీ, దానికి తగ్గట్టు ఒక వస్తువు చేయించుకోవచ్చనీ ఆమెకు నిజంగా తెలియదు. ఇంట్లో పీట మైసయ్య ఎత్తుకు చేసింది. గొడ్డలి కామ మైసయ్య పిడికిలికి చేసింది. అన్నిటితో సర్దుకుపోయినట్టే దీంతోనూ సర్దుకుపోవాలనుకుంది.

ఇంటికి పోయాక మైసయ్యతో మెల్లగా అంది: "రెండు పక్కల కొంచెం కోయిస్త. పొడుగు గూడ జర తగ్గిస్త."

దానికి మైసయ్య అన్న మాట ఐలమ్మ జన్మలో మరిచిపోలేదు.

"చెయ్యి వాయె. తెప్ప మూలకు వాయె. ఉన్నది గా కొలతొక్కటే. గది గూడ తీస్తవా?"

ఆ మనిషి ఆ ముడుల్లో తనను తాను కట్టి పంపించాడని ఐలమ్మకు అప్పుడు అర్థమైంది. కోయించకపోతే మైసయ్య మాట నిలుస్తుంది, తావు పోతుంది. కోయిస్తే తావు నిలవొచ్చు, మైసయ్య నిలుస్తాడో లేదో తెలియదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా అట్లాగే నిలబడింది. మాడిన అన్నాన్నే ఇద్దరూ మాటల్లేకుండా తిన్నారు.

మర్నాడు మొదటి బస్సుకు ఐలమ్మ తెప్పతో సహా మేడ్చల్ పోయింది. తాడు తీసుకుపోలేదు. బస్సులో ఆ కండక్టరే ఉన్నాడు. "ఏందమ్మా, తెప్పలు వాపసు గూడ తీసుకుంటరా?" అన్నాడు. ఐలమ్మకు నవ్వు రాలేదు.

యాదయ్య సంచుల కుట్లు విప్పి బ్లేడు తీశాడు. "ఎంత కోయాలె అక్కా? కొలత తెచ్చినవా?"

ఐలమ్మ తల అడ్డంగా ఊపింది. ఎంతో ఆమెకే తెలియదు. అక్కడే నేల మీద కూర్చుని సీసాలు ఏరుతున్న యాదయ్య తల్లి జంగమ్మ తలెత్తి, "కొలత తెచ్చుడేంది? మనిషే వచ్చె గదా," అంది. "పండు బిడ్డా దాని మీద."

"ఈడనా?"

"మరెక్కడ?"

ఎదురుగా రోడ్డు. నిజామాబాద్ బస్సులు, లారీలు, మేడ్చల్ మార్కెట్‌కు పోయే జనం. టీ బండి దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఐలమ్మ చెప్పులు విడిచి, కొంగు నడుముకు చుట్టి, పలక మీద బోర్లా పడుకుంది. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కళ్లు గట్టిగా మూసుకుంది. యాదయ్య మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు.

జంగమ్మ బొగ్గు ముక్కతో వచ్చి పక్కన కూర్చుంది. "చేతులు కిందికి ఏలాడెయ్యి. నీళ్లున్నయనుకో. తోయి." ఐలమ్మ గాలిలోనే నీళ్లు తోసింది. జంగమ్మ సంక దగ్గర ఒక గీత గీసింది, ఇటు పక్క ఇంకోటి. గడ్డం ముందు జానెడు వదిలి ఒకటి, మోకాళ్ల కింద ఒకటి. "ఎన్నడన్న నిన్ను నువ్వు కొలుసుకున్నవానే?" అని అడిగింది.

"రైక కుట్టెటాయన కొలిచిండు," అంది ఐలమ్మ. జంగమ్మ పగలబడి నవ్వింది. ఐలమ్మకూ నవ్వొచ్చింది, పడుకునే నవ్వింది.

లేచి నిలబడి చూసుకుంది. తెల్లటి పలక మీద నల్లటి గీతల మధ్య తన ఒళ్లంత చోటు. ఇంత చిన్నదాన్నా నేను అనిపించింది ముందు. ఆ మరుక్షణమే, ఇంత ఉన్నానా అనిపించింది. ఈ రెండో మాట ఎందుకు అనిపించిందో ఆమె ఎవరికీ చెప్పలేకపోయింది, ఇప్పటికీ చెప్పలేదు.

కోస్తుంటే ఎగిరిన తెల్ల పూసలు జుట్టు నిండా అంటుకున్నాయి. బస్సులో అందరూ చూస్తున్నా దులుపుకోలేదు.

ఆ రోజు నుంచి మైసయ్య ఆమెతో మాట్లాడలేదు. మంచాన్ని చెరువుకు వీపు వచ్చేటట్టు తిప్పుకుని కూర్చునేవాడు. కూతురు కావ్య, అప్పుడు ఎనిమిదో తరగతి, ఇద్దరి మధ్యా మాటలు మోసేది. "నాయిన కూరల ఉప్పు ఎక్కువైందంటుండు." "మీ నాయినను నీళ్లు ఎక్కువ తాగుమను." ఐలమ్మకు ఏడుపొచ్చేది. ఏడవడానికి తీరిక లేదు, పదకొండు రోజులే మిగిలాయి.

ఈసారి తెప్ప మాట విన్నది. చేతులు మోచేతి దాకా నీళ్లలోకి దిగాయి. వాటికి చెప్పులు తొడుక్కుని తోస్తే సాగింది. సాలమ్మ గట్టు మీద నుంచి "ఎడమకు! కాదు కాదు, కుడికి!" అని ఒకటే అరుపులు. ఆమె ఏనాడూ తెప్పెక్కిన మనిషి కాదు గానీ ఆ గొంతు లేకపోతే ఐలమ్మకు తోచేది కాదు. పడుకుని పోవడం నాలుగు రోజుల్లో వచ్చింది. లేచి కూర్చుని వల వదలడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. మిగిలిన మూడు రోజులూ గుండు దాకా పోయి, బండను చేత్తో ముట్టి వచ్చింది.

మిరుగం నాడు తెల్లవారి తొమ్మిది తెప్పలు నీళ్ల అంచున నిలిచాయి. ముత్తయ్య గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ప్రతి తెప్పకూ పసుపూ కుంకుమా పెట్టాడు. "అక్కా, గది తెప్పనా, పరుపా?" అని పక్క తెప్ప మీది మనిషి అంటే అందరూ నవ్వారు. ముత్తయ్య ఐలమ్మ తెప్పకు కూడా, మిగతావాటికి ఎంత పెట్టాడో అంతే పసుపు పెట్టాడు. మైసయ్య రాలేదు.

గుండు చుట్టూ వల వేసింది. ఎండాకాలం తగ్గిన నీళ్లలో బండ నడుం దాకా పైకి తేలి ఉంది. పొద్దెక్కేదాకా ఆగి, అందరితో పాటే తీయడం మొదలుపెట్టింది. సగం వల తెప్ప మీదికి వచ్చింది. తర్వాత రానంది. లాగితే తెప్ప బండ వైపు పోతుంది తప్ప వల రాదు. అడుగున ఎక్కడో పట్టుకుంది.

అప్పుడే మేడ్చల్ దిక్కున మబ్బు లేచింది. గాలి మొదలైంది. ఒక్కొక్క తెప్పా ఒడ్డుకు తిరిగింది. పోతూ పోతూ ఒకతను, "అక్కా, కోసెయ్యి వల, వచ్చెయ్యి!" అని అరిచాడు. వల కోస్తే ప్రాణానికి భయం లేదు. కానీ వల వదిలేసి వచ్చినవాళ్లు వల తీసినట్టు కాదు. ఒడ్డున ముత్తయ్య తెల్ల పంచె గాలికి కొట్టుకోవడం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

ఐలమ్మ తెప్పను బండ వెనక వైపుకు తోసుకుపోయింది. అలలు ముఖాన కొడుతున్నాయి. మందమైన తెప్ప కాబట్టి లేచి పడుతోంది గానీ తిరగబడడం లేదు. తెప్ప తాడు నడుముకు కట్టుకుని, బండ పట్టుకుని, కాళ్లు నీళ్లలోకి వదిలింది. కాలికి రాయి తగిలింది. మెట్టులాగా, పాదం పట్టేంత వెడల్పుగా. దాని మీద నిలబడితే నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వంగి, తడిమి, రాతి పగులులో చిక్కిన వలను ఒక్కొక్క కన్నూ విడిపించింది. వాన మొదలయ్యేసరికి ఆఖరి కన్ను వదిలింది. అప్పుడు ఐలమ్మ ఒంటరిగా ఆ చెరువు మధ్య నిలబడి గట్టిగా, నోరారా, "ఓ గంగమ్మా!" అని కేక పెట్టింది.

ఒడ్డుకు వచ్చేసరికి జనమంతా వానలోనే నిలబడి ఉన్నారు. సాలమ్మ ఏడుస్తోంది. ముత్తయ్య వలను కొస నుంచి కొస దాకా చూశాడు. బొచ్చెలు, రవ్వలు, రెండు కొరమీనులు. "తావు మీ ఇంటిదే," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆయన ఎవరినీ పొగిడిన మనిషి కాదు.

ఇంటికొచ్చి, తల తుడుచుకుని, కొరమీను పులుసు పెట్టింది. మైసయ్య ముందు కంచం పెట్టి తనూ కూర్చుంది. కావ్య గబగబా తిని సాలమ్మ ఇంటికి పోయింది. ఇద్దరే మిగిలారు. మైసయ్య ఎడమ చేత్తో ముద్ద కలుపుతూ, కంచంలోకి చూస్తూనే అన్నాడు:

"వల పట్టుకున్నదంట."

పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట. ఐలమ్మ "ఊ" అంది.

"ఎట్ల దీసినవ్?"

"గుండు ఎనక మెట్టున్నది. దాని మీద నిలవడి దీసిన."

మైసయ్య చెయ్యి ఆగింది. "మెట్టున్నదా?"

"ఉన్నది. నీకు తెల్వదా?"

"తెల్వదు," అన్నాడు మైసయ్య. ఇరవై ఏళ్లు ఆ బండ చుట్టూ తిరిగినవాడు. "నేనెన్నడు తెప్ప దిగలే."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో ఓటమి కోసం వెతికింది ఐలమ్మ. కనబడలేదు. ఆశ్చర్యం కనబడింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను చెరువు నుంచి వచ్చిన ప్రతిసారీ ఆమె, ఎట్లుండె అని అడిగేది. అతను ప్రతిసారీ, ఏముంటది, నీళ్లే, అనేవాడు. ఆ మాటే ఇప్పుడు ఆమె అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అనబుద్ధి కాలేదు. చెప్పింది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయనీ, మోకాళ్ల కింద చల్లగా తగిలాయనీ, బండకు ఆ వైపున నాచు మెత్తగా ఉందనీ, మబ్బు పట్టినప్పుడు చెరువు రంగు ఇటు నుంచి అటు మారిపోవడం నీళ్ల మధ్య నుంచి చూస్తే వేరేగా ఉందనీ చెప్పింది. చెప్పి ఆగింది.

"ఇంకా?" అన్నాడు మైసయ్య. పులుసు చల్లారిపోయింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ఐలమ్మ చెరువు నుంచి వచ్చిన ప్రతి రోజూ మైసయ్య ఆ మాట అడిగాడు. కంచాలు ముందు పెట్టుకుని ఆమె చెప్పేది, అతను వినేవాడు. ఇది ఇట్ల గాదు, అట్ల తిప్పాలె అని మధ్యలో తగువులాడేవాడు. ఆ రోజులంత మంచి రోజులు తన బతుకులో లేవంటుంది ఐలమ్మ.

రెండు వేల ఐదు వానాకాలంలో జ్వరంతో మైసయ్య పోయాడు. పదకొండో రోజు దాటాక ఐలమ్మ మళ్లీ చెరువుకు పోయింది. వల తీసి, ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుంది. "ఇయ్యాల తుంగ దిక్కు నీళ్లు మస్తు పెరిగినయి," అంది. "నువ్వు అన్నట్టే ఆ పక్కకు కొట్టుక పోతాంది తెప్ప." అన్నాక గాని ఎదుట ఎవరూ లేరని గుర్తుకు రాలేదు.

ఐలమ్మ ఆపలేదు. ఆ రోజు చెరువు మీద చూసినదంతా చివరిదాకా చెప్పి, అప్పుడు అన్నం తిన్నది.